ఎవరు చేశారు, ఏం చేశారు, ఎవరికి తెలియాలి: ఒడిశా సరిహద్దులో ఒక ప్రభుత్వ పాఠశాల గుర్తింపు పద్ధతిపై కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీ ఒడిశాలోని గజపతి జిల్లాలో, వంశధార ఒడ్డున కాశీనగరం వైపు ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత ప్రాథమిక పాఠశాలకు సంబంధించినది. నేను అక్కడ ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో, విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఇతర సిబ్బందీ చేసిన మంచి పనిని గుర్తించే పద్ధతిని ఎందుకు మార్చవలసి వచ్చిందో, మార్చిన తర్వాత ఏది నిలిచిందో, దేన్ని వదిలేశామో ఇందులో వివరిస్తాను. పాఠశాల పేరు, పిల్లల పేర్లు కావాలనే రాయడం లేదు.

పాఠశాల, దాని చుట్టూ ఉన్న ఇళ్లు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ప్రాంతపు పర్లాకిమిడి సంస్థానంలో కొంత భాగం ఒడిశాలోకి వెళ్లింది, మిగిలినది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లాను 1992 అక్టోబరు 2న ఏర్పాటు చేశారు. సరిహద్దు ఎన్నిసార్లు గీసినా మా వైపు పెళ్లి సంబంధాలూ సంతలూ ఆసుపత్రి ప్రయాణాలూ శ్రీకాకుళం జిల్లాతోనే సాగుతున్నాయి. అందువల్ల పాఠశాలకు వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. కొండ మీది గూడేల నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో సవర మాట్లాడతారు. తల్లుల్లో చాలామంది భామిని, కొత్తూరు, పాతపట్నం వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవారు. చదువుకున్న మేరకు తెలుగు చదవగలరు గాని, ఒడియా అక్షరాలు వారికి రావు. తండ్రుల్లో ఎందరో ఏడాదిలో కొన్ని నెలలు చెన్నైలోనో హైదరాబాదులోనో భవన నిర్మాణ పనుల్లో ఉంటారు.

ఈ పరిస్థితిలో పాఠశాల తన విద్యార్థుల విజయాన్ని ఏటా ఒక్కసారి, వార్షికోత్సవంలో గుర్తించేది. ప్రతి తరగతిలో మొదటి ముగ్గురికి ఒడియాలో అచ్చువేసిన ప్రశంసా పత్రం, ఒక స్టీలు గిన్నె ఇచ్చేవారు. మొదటి ముగ్గురినీ మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే బహుమతుల జాబితాలను ఒకచోట పెట్టి చూస్తే, అవే కొన్ని ఇళ్ల పిల్లలు ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా బహుమతులు అందుకుంటున్నారనీ, మిగిలిన పిల్లలకు తాము ఏ పని చేసినా ఎవరైనా గమనిస్తారన్న నమ్మకం కలిగే వీలే లేదనీ తేలిపోతుంది. గెలిచిన పిల్లల ఇళ్లలో కూడా ఆ పత్రం రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది తప్ప, అందులో ఏముందో చదివి చెప్పేవారు ఆ ఇంట్లో ఉండేవారు కాదు. ఉపాధ్యాయుల విషయంలో పదవీ విరమణ నాటి శాలువా ఒక్కటే గుర్తింపు. వంట చేసేవారికి, ఊడ్చేవారికి అదీ లేదు.

నేను పట్టుకున్న ప్రశ్న ఇది: మంచి పని చేసిన మనిషికి ఎవరి మెప్పు విలువైనదో, ఆ మెప్పు వారి దగ్గరికి ఎలా చేరుతుంది?

పుస్తకం

మొదట ఒక రిజిస్టరు తెరిచాం. దానికి మెచ్చుకోలు పుస్తకం అని పిల్లలే పేరు పెట్టుకున్నారు. ఉపాధ్యాయులే కాక విద్యార్థులూ వంటవారూ పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులూ ఎవరైనా అందులో రాయవచ్చు, రాయడం రానివారు చెప్పి రాయించవచ్చు. షరతు ఒక్కటే: ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, దానివల్ల ఎవరికి మేలు జరిగింది అన్న నాలుగు సంగతులూ ఉండాలి. ‘తెలివైన అమ్మాయి’, ‘మంచి కుర్రాడు’ అని రాస్తే ఆ నమోదును వెనక్కి ఇచ్చి, చూసినదేమిటో రాయమని అడిగేవాళ్లం.

ఈ షరతుకు పరిశోధన ఆధారం ఉంది. క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనాల్లో, కొన్ని పజిళ్లు బాగా చేశాక ‘నువ్వు తెలివైనదానివి’ అని మెప్పు పొందిన అయిదో తరగతి పిల్లలు, తరువాత కఠినమైన పజిళ్లు ఎదురై ఓడిపోయినప్పుడు త్వరగా నిరుత్సాహపడ్డారు. ‘బాగా కష్టపడ్డావు’ అని మెప్పు పొందినవారు పట్టు వదలలేదు. అమెరికా పిల్లలకు వర్తించిన ప్రతిదీ మా పిల్లలకు వర్తిస్తుందని నేను అనను గాని, మా తరగతి గదుల్లో దీన్ని కళ్లారా చూశాను. మొదటి ర్యాంకు తప్పిన ఏడాది చదువు మీద మనసు పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు.

పుస్తకంలోకి వచ్చిన నమోదులు మాకు మా పాఠశాలనే కొత్తగా చూపించాయి. చెన్నై నుంచి ఏడాది మధ్యలో తిరిగి వచ్చిన ఒక కుర్రాడు, పోగొట్టుకున్న పాఠాలన్నీ పక్కవాడి నోటు పుస్తకం అరువు తీసుకుని రాసుకున్నాడు; ఆ సంగతి రాసింది నోటు పుస్తకం ఇచ్చిన కుర్రాడే. ఆరో తరగతి సవర బాలిక ఒకతె తొలిసారి ఒడియా కథ ఒకటి తడబడకుండా తరగతికి చదివి వినిపించింది. బోరింగు గట్టు పగిలి మురుగునీరు లోపలికి ఇంకుతోందని ఒక నాలుగో తరగతి పిల్లవాడు రోజూ వచ్చి చెప్పి, బాగుచేసేదాకా వదలలేదు. ఇవేవీ మార్కుల్లోకి రావు. కానీ పాఠశాల నడిచేది వీటి మీదే.

ఉత్తరం

నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఉత్తరం. పుస్తకంలోని నమోదుల్లోంచి వారానికి కొన్నింటిని తీసుకుని, ఆ పిల్లల ఇంటికి అయిదారు వాక్యాల ఉత్తరం చేత్తో రాసి, పాఠశాల ముద్ర వేసి పంపేవాళ్లం. అది ఆ ఇంట్లోవారు చదవగలిగే భాషలో ఉండాలి. తెలుగు రాయడం రాని ఒడియా ఉపాధ్యాయులు చెబుతుంటే తెలుగు వచ్చినవారు రాసేవారు. ఒక ఉత్తరం, పేరు తీసేసి, ఇక్కడ ఇస్తున్నాను.

“అమ్మా, నమస్కారం. ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి కొన్నాళ్లుగా మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడో తరగతి పిల్లలు ముగ్గురిని కూర్చోబెట్టి అప్పు తెచ్చుకునే తీసివేతలు నేర్పుతోంది. చింతపిక్కలను పదేసి చొప్పున మూటలు కట్టి, ఒక మూట విప్పితేనే పది ఒకట్లు వస్తాయని చేత్తో చూపించింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా తీసివేతలు చేస్తున్నారు. మా లెక్కల మాస్టారు కూడా ఈ మూటల పద్ధతినే తన తరగతిలో వాడుతున్నారు. ఈ సంగతి మీకు తెలియాలని రాస్తున్నాను.”

ఆ తల్లి మరునాడు పాఠశాలకు వచ్చి, “ఇది మా పిల్ల గురించేనా బాబూ? దానికి లెక్కలొచ్చని ఇంట్లో ఎవరికీ తెలీదు” అన్నారు. ఎనిమిదో తరగతి తర్వాత ఉన్నత పాఠశాలకు బస్సులో పంపాలా, మాన్పించాలా అని ఆ ఇంట్లో అప్పటికే చర్చ నడుస్తోంది. తరువాత ఆ అమ్మాయిని ఉన్నత పాఠశాలలో చేర్చారు. ఒక్క ఉత్తరం వల్లనే చేర్చారని చెప్పడం న్యాయం కాదు. మేనమామ పట్టుదల ఉంది, ఆ ఏడు పంట కూడా చేతికి వచ్చింది. అయితే ఆ చర్చలో కూతురి పక్షాన మాట్లాడడానికి తల్లి చేతిలో ఒక కాగితం ఉంది, దాన్ని ఆమె స్వయంగా చదివి వినిపించగలిగింది.

వలస వెళ్లిన తండ్రులకు ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లం. సవర ఇళ్ల విషయంలో దారి వేరు. సవర భాషకు మంగై గొమాంగో 1936లో సోరాంగ్ సోంపెంగ్ లిపిని రూపొందించారు. అయినా ఇళ్లలో కొందరు ఒడియా లిపిని, కొందరు తెలుగు లిపిని, కొందరు రోమన్ లిపిని వాడతారు, పెద్దవారిలో చాలామంది ఏదీ చదవరు. కనుక సవర తెలిసిన మా సహోపాధ్యాయుడు ఒకరు గూడేనికి వెళ్లి, ఇంటి ముందు కూర్చుని, నోటితో చెప్పి, ఆ తర్వాత కాగితం చేతికిచ్చేవారు. దీనికి సమయం పడుతుంది. కానీ ఉపాధ్యాయుడు తమ గడపకు వచ్చి ఫిర్యాదు కాకుండా మంచిమాట చెప్పడం ఆ ఇళ్లకు కొత్త అనుభవం. ఆ ఒక్క కారణంతోనైనా ఈ శ్రమ తగినదేనని నా నిశ్చితాభిప్రాయం.

వంటగది నుంచి మొదలైన మార్పు

సిబ్బంది గుర్తింపు ఎక్కడ మొదలుపెట్టాలన్న చర్చలో నేను వంటగదిని సూచించాను. మధ్యాహ్న భోజన పథకం నియమాల ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంటమనిషి, 100 మంది వరకు ఇద్దరు, ఆపైన ప్రతి 100 మందికి ఒకరు చొప్పున ఉంటారు. కేంద్రం నిర్ణయించిన గౌరవ భృతి 2009 నుంచి నెలకు 1000 రూపాయల దగ్గరే ఉంది, అదీ ఏడాదిలో పది నెలలకే. దాని మీద రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. పాఠశాలలో ప్రతి పిల్లవాడి ముఖమూ రోజూ దగ్గరగా చూసేది ఈ స్త్రీలే.

మా వంటామె ఒకరు, రెండో తరగతి పిల్లవాడొకడు గుడ్డు వండిన రోజున సగం తిని సగం జేబులో పెట్టుకోవడం గమనించారు. కోప్పడకుండా అడిగితే, ఇంట్లో ఉన్న చెల్లెలి కోసమని చెప్పాడు. ఆమె ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లి, ఆ పాప పేరు అంగన్‌వాడీలో ఎక్కలేదని తెలుసుకుని, అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పి రాయించారు. తరువాత తరగతి ఉపాధ్యాయురాలికి చెప్పారు. ఉపాధ్యాయురాలు పుస్తకంలో రాశారు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలై ఉండాలి. ఆ కమిటీ సమావేశంలో ఈ నమోదును తెలుగులోనూ ఒడియాలోనూ చదివి, తీర్మానంగా మినిట్స్‌లో రాసి, ఒక ప్రతిని బ్లాక్ విద్యాధికారి కార్యాలయానికి పంపాం. చప్పట్లతో సరిపెట్టకుండా, “ఈ పని ఇలాగే సాగాలంటే మీకేం కావాలమ్మా?” అని ఆమెను అడిగాం. వంటగదిలో పొగ బయటికి పోయే దారి లేదనీ, కళ్లు మండిపోతున్నాయనీ, పైన ఒక రేకు ఎత్తి కట్టిస్తే చాలుననీ ఆమె చెప్పారు. కమిటీ దాన్ని కట్టించింది.

ఆ రోజు నుంచి సిబ్బందిలో ఎవరిని గుర్తించినా ఆ ప్రశ్న అడగడం మా నియమమైంది. ఈ ఆలోచనకు మా ప్రాంతంలోనే ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పాఠ్యపుస్తకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం ఆ కృషికి ప్రతిఫలంగా సొమ్ము ఇవ్వజూపితే ఆయన తీసుకోలేదు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం; ఆ బహుమతి సంగతి కూడా ఆ రోజు పిల్లలకు చెప్పాలని నా కోరిక, ఎందుకంటే పని చేసినవాడిని సత్కరించడమంటే ఆ పనిని బలపరచడమేనని అంతకంటే స్పష్టంగా చూపించిన ఉపాధ్యాయుడు నాకు కనిపించలేదు.

ఉపాధ్యాయులు

జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. 2018 నుంచి ఉపాధ్యాయులు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే పద్ధతి వచ్చింది. జిల్లా, రాష్ట్ర స్థాయి కమిటీల పరిశీలన దాటి జాతీయ జ్యూరీ దాకా వెళ్లినవారిలో, దేశం మొత్తం మీద ఏటా యాభై మందికి అటూ ఇటూగా సెప్టెంబరు 5న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకుంటారు. సిఫారసు లేకుండా ఎవరైనా ముందుకు రావచ్చుననడం మంచి మార్పే. అయితే ఫొటోలు, వీడియోలు, ఆధారాలు సమకూర్చుకోవడం తెలిసినవారికే అది అందుబాటులో ఉంటుంది. మా జిల్లాలోని గుమ్మ వైపు కొండల్లో నెట్‌వర్క్ అందని బడిలో రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చదివించే మాస్టారు తన గురించి తాను పది పేజీలు రాసుకోరు. అందుకని ప్రతి ఉపాధ్యాయుడి పనికీ ఒక ఫైలు పెట్టి, సహోద్యోగులే అందులో రాసే ఏర్పాటు చేశాం. పురస్కారం వచ్చినా రాకపోయినా ఆ ఫైలు ఆయన సేవకు లిఖితపూర్వకమైన సాక్ష్యంగా మిగులుతుంది.

అయినా మా ఉపాధ్యాయులు ఎక్కువగా విలువ ఇచ్చినది వేరే గుర్తింపుకు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే క్లస్టర్ సమావేశంలో సాధారణంగా పై అధికారుల సూచనలు చదువుతారు. సమన్వయకర్తను ఒప్పించి, ప్రతిసారీ అరగంట ఒక ఉపాధ్యాయుడికి కేటాయించి, తన తరగతిలో ఫలితమిచ్చిన ఒక పద్ధతిని మిగతావారికి చేసి చూపించే అవకాశం ఇచ్చాం. లెక్కల మాస్టారు చింతపిక్కల మూటలను అక్కడే చూపించారు, అది ఎవరి ఆలోచనో పేరుతో సహా చెప్పారు. తోటివారు నోటు పుస్తకాలు తెరిచి రాసుకోవడాన్ని మించిన సన్మానం ఉపాధ్యాయుడికి ఉంటుందని నేను అనుకోను.

మానేసినవి, సరిదిద్దినవి

హాజరు బహుమతులను పూర్తిగా ఆపేశాం. వరినాట్ల రోజుల్లో, తల్లిదండ్రులు వలస వెళ్లే రోజుల్లో బడికి రాకపోవడం పిల్లల చేతిలో లేని విషయం. దాని మీద బహుమతి పెడితే పేద ఇంటి బిడ్డకు ఆ పేదరికం మరోసారి గుర్తుచేసినట్టే అవుతుంది. కాలిఫోర్నియాలో 15 వేలకు పైగా విద్యార్థులపై జరిపి, కార్లీ రాబిన్సన్ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగంలో, ముందుగా ప్రకటించిన హాజరు పురస్కారాల వల్ల సగటున హాజరు పెరగలేదు. చెప్పకుండా ఇచ్చిన పురస్కారాల తర్వాత హాజరు కొంత తగ్గింది కూడా. మిగతావారికంటే, బడి ఆశించిన దానికంటే తాము ఎక్కువే వస్తున్నామన్న సందేశం ఆ పత్రం ద్వారా పిల్లలకు చేరి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు.

రెండో సమస్య, పుస్తకంలో పేరు రావాలని చేసే పనులు. మాస్టారు వరండాలోకి వచ్చే వేళకు కాగితాలు ఏరడం వంటివి కనిపించాయి. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు రిబ్బను కట్టిన పత్రం ఇస్తామని ముందే ఆశపెడితే, తరువాత వారు తమంతట తాము బొమ్మలు గీయడం తగ్గిపోయిందని లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో చూపించారు. చెప్పకుండా ఇచ్చినప్పుడు అలా జరగలేదు. కాబట్టి మేము నమోదులను లెక్కపెట్టం, ఎక్కువ వచ్చినవారి జాబితా వేయం, ఏ వారం ఎవరి ఉత్తరం వెళుతుందో చెప్పం. ప్రార్థన వేళ అందరి ముందు చదవడానికి కూడా ముందు ఆ విద్యార్థి అనుమతి తీసుకుంటాం. పెద్ద తరగతుల ఆడపిల్లల్లో కొందరు వద్దంటారు. వారికి ఉత్తరం ఇంటికి వెళితే చాలు.

మూడోది అన్నింటికంటే కష్టమైనది. రాసేవారిలో ఎక్కువ మంది తెలుగువారైనప్పుడు తెలుగు పిల్లల పనే ఎక్కువగా కంటపడుతుంది. అందుకే మూడు నెలలకోసారి హాజరు పట్టీని, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి, ఇంతవరకు పుస్తకంలో పేరు రాని పిల్లలను గుర్తిస్తాం. ఆ పేర్లను ఉపాధ్యాయులకు పంచి, రాబోయే వారాల్లో వారిని దగ్గరగా గమనించమంటాం. ఊరడింపు కోసం లేని గొప్పతనాన్ని రాయడానికి మాత్రం ఒప్పుకోం. పిల్లలు అబద్ధపు మెప్పును ఇట్టే పసిగడతారు, ఆ తర్వాత నిజమైన మెప్పును కూడా నమ్మరు. నిజాయితీగా గమనిస్తే రాయదగినది దొరకని పిల్లవాడు నాకు ఎదురుకాలేదు.

మార్కులూ ఉపకార వేతనాలూ

పరీక్షల ర్యాంకులను మేము తీసేయలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించని, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు మాత్రమే ఇది. ఎంపికైనవారి పేర్లు గోడ మీద రాయడం ప్రతి పాఠశాలా చేస్తుంది. కానీ పిల్లవాడు మా బడి దాటి వెళ్లాక, ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది. కొత్త పాఠశాలలో ఆ సంగతి చెప్పేవారు లేక నష్టపోయే పిల్లలున్నారు. అందుకని గోడ మీది పేర్లను ఒక ఉపాధ్యాయురాలికి అప్పగించాం: ఏటా రెన్యువల్ గడువు ముగిసేలోగా ప్రతి పూర్వ విద్యార్థికీ ఫోన్ చేసి, బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు సరిచూసి, అవసరమైతే పిలిచి కూర్చోబెట్టి నింపించడం ఆమె బాధ్యత. ఇది చేయలేని పాఠశాల గోడ మీద పేరు రాయడం సగం పనే.

ప్రస్తుత స్థితి

ఈ పద్ధతికి అయ్యే ఖర్చు కాగితం, కలం, అప్పుడప్పుడు బస్సు చార్జీ. అసలు ఖర్చు ఉపాధ్యాయుల సమయం. ఎన్నికల విధులు, సర్వేలు, పరీక్షలు వచ్చిన నెలల్లో పుస్తకం పలచబడుతుంది; ఆ నెలల్లో వంటవారూ పెద్ద తరగతుల పిల్లలూ రాసిన నమోదులే దాన్ని నిలబెట్టాయి. దీని వల్ల చదువు ఇంత పెరిగిందని అంకెల్లో చూపించే ఏర్పాటు మేము చేసుకోలేదు. తల్లుల సమావేశాలకు వచ్చేవారు పెరగడం, సవర ఇళ్ల నుంచి పెద్దలు తమంతట తాము బడికి రావడం, ఉపాధ్యాయులు ఒకరి తరగతికి ఒకరు వెళ్లి చూడడం మాత్రం నేను అక్కడ ఉండగానే జరిగాయి.

ప్రధానోపాధ్యాయుడు మారితే ఇది ఆగిపోకూడదని, పుస్తకమూ ఉత్తరాల నకళ్లూ పాఠశాల రికార్డుగా ఉండాలనీ, మూడు నెలల సమీక్ష కమిటీ సమక్షంలో జరగాలనీ తీర్మానం చేయించాను. నా బదిలీ తర్వాత వచ్చిన వారు ఉత్తరాలను వారానికి బదులు నెలకోసారి పంపుతున్నారు, రిజిస్టరు యథావిధిగా నడుస్తోంది. సవర తెలిసిన ఉపాధ్యాయుడికి కూడా బదిలీ అయింది. ఆయన స్థానంలో అదే గూడెంలో పన్నెండో తరగతి పూర్తిచేసిన ఒక పూర్వ విద్యార్థిని ఉత్తరాలు తీసుకువెళ్లి ఇళ్లలో చెబుతోంది. ఆమెకు ప్రయాణ ఖర్చులైనా పాఠశాల నిధుల నుంచి ఇవ్వడానికి కమిటీ ద్వారా ప్రతిపాదన పంపారు, దానికి అనుమతి ఇంకా రావలసి ఉంది.